అటక మీది పిస్తోలును తూకానికి వేయకండి

మన పల్లెల్లో పాత మండువా ఇళ్లు పడగొట్టేటప్పుడు అటకల మీద నుంచి ఎన్నో వస్తువులు బయటపడుతుంటాయి. ఇత్తడి బిందెలకూ, గంగాళాలకూ విలువ కట్టడం అందరికీ తెలుసు. కాని తుప్పు పట్టిన ఒక పాత పిస్తోలు దొరికితే మాత్రం ఇంటివారికి ఏంచేయాలో పాలుపోదు. భయపడి బావిలో పారవేసేవారు కొందరు, పాత ఇనుము కొనేవానికి తూకానికి వేసేవారు కొందరు. రెండూ పొరపాటే.

ఆ వస్తువు ఏమిటో ముందు తెలుసుకోవాలి. ఒకప్పుడు తుపాకి పేలాలంటే చెకుముకి రాయి నిప్పురవ్వ రాల్చాలి. వాన పడితే పేలేది కాదు. 1807లో అలెగ్జాండర్ ఫోర్సిత్ అనే స్కాట్లండు మతగురువు, దెబ్బ తగిలితే మండే మందుతో తుపాకి పేల్చే పద్ధతికి పేటెంటు పొందాడు. తర్వాత ఆ మందును చిన్న రాగి టోపీలో పెట్టారు. సుత్తి ఆ టోపీని కొట్టగానే గుండు వెళ్లేది. 1840 ప్రాంతాల నుంచి బ్రిటిషు సైన్యం ఈ పద్ధతికి మారింది. ఈస్టిండియా కంపెనీ కూడా తన ఆశ్వికులకు ఇటువంటి పిస్తోళ్లు ఇచ్చింది. గుర్రం మీద జారిపోకుండా, మందు కూరే కడ్డీని గొట్టానికే మడతబందుతో బిగించేవారు. కిరీటం పట్టుకుని నిలబడిన సింహం గుర్తు వుంటే అది కంపెనీ ఆయుధమని పోల్చుకోవచ్చు.

ఈ గుర్తులే ఆ వస్తువుకు ప్రాణం. చింతపండుతోనో, గరుకు కాగితంతోనో రుద్ది తళతళలాడిస్తే గుర్తులు అరిగిపోతాయి, విలువా పోతుంది. అంతకంటె ముఖ్యం, గొట్టంలో పాత మందు మిగిలి వుండవచ్చు. నల్లమందు ఏళ్లు గడిచినా చావదు. నిప్పు దగ్గర పెట్టడం, సుత్తితో కొట్టడం, పిల్లల చేతికివ్వడం ప్రాణాపాయం.

పోలీసుల భయం వట్టిదేనా అంటే, కాదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం, బాగుచేసినా పేలని పాతకాలపు ఆయుధానికి మినహాయింపు వుంది. పేలగలిగినదైతే లైసెన్సు కావాలి. ఏది ఏదో మనంతట మనం తేల్చుకోరాదు. స్టేషనులో తెలియజేసి రసీదు పుచ్చుకోవడమే క్షేమం. నూరేళ్లు దాటిన వస్తువును విదేశాలకు తరలించడాన్ని 1972 పురావస్తువుల చట్టం కట్టడి చేసింది.

సేకరణ చేసే ఔత్సాహికులకూ ఒక మాట. ‘టవర్’ అని చెక్కిన కొత్త నకళ్లు బజారులో కొల్లలు. అసలుదే దొరికినా, అది ఏ ఊళ్లో, ఎవరింట, ఎలా నిలిచిందో రాసి పెట్టకపోతే మిగిలేది ఇనుమే. కథ లేని ఆయుధం చరిత్ర కాదు.

అధికారులు కూడా ఆలోచించవలసి వుంది. నిజాయితీగా చెప్పవచ్చిన రైతును దొంగను చూసినట్టు చూస్తే, రేపు మరెవరూ నోరు విప్పరు. పురావస్తు శాఖవారు అప్పుడప్పుడు మండల కేంద్రాలకు వచ్చి ఇటువంటి వస్తువులను పరీక్షించి, ఇచ్చినవారి పేరుతో మ్యూజియంలో వుంచితే ఖర్చు స్వల్పం, లాభం అధికం. తాతల నాటి వస్తువు తూకపు రాళ్ల పాలు కాకూడదు.