మిద్దె మీదికి ఎక్కి చూడండి

మన ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలలో వాన కోసం చేతులెత్తి దుఆ చేయని సంవత్సరం అరుదు. ఆ వాన కురిసిన రాత్రి గిన్నెలు, బక్కెట్లు వరుసగా పెట్టుకోని మిద్దెలూ తక్కువే. మన జిల్లాకు వర్షం ఎక్కువగా అక్టోబరు నుండి డిసెంబరు వరకు, ఈశాన్య ఋతుపవనాలతో వస్తుంది. నెలల తరబడి ఎండకు కాగిన శ్లాబు ఆ కొద్ది వారాలలో నీటినంతటినీ మోయాలి. 2021 నవంబరులో పెన్న పొంగిన దినాలు పాఠకులకు గుర్తుండే ఉంటాయి.

ఇల్లు ఉరుస్తున్నదని చెప్పుకోవడం కృతఘ్నత అని కొందరు పెద్దలు భావిస్తారు. వాన అల్లాహ్ కారుణ్యం గనుక దానిని గురించి ఫిర్యాదు తగదంటారు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం ప్రసిద్ధమైనది. జుమా ప్రసంగ సమయంలో ఒక వ్యక్తి కరవు గురించి మొరపెట్టుకోగా దైవప్రవక్త (సఅసం) దుఆ చేశారు. మరుసటి జుమా వరకు వాన ఆగలేదు. అప్పుడు ఒకరు నిలబడి ఇళ్ళు కూలుతున్నాయని విన్నవించారు. ఆయన (సఅసం) ఆ వ్యక్తిని మందలించలేదు. వాన తమ మీద కాక తమ చుట్టూ కురవాలని మళ్ళీ దుఆ చేశారు.

మస్జిదె నబవీ కప్పు కూడా రమజాను రాత్రి ఉరిసినదే గదా, ప్రవక్త (సఅసం) నుదుటికి బురద అంటినదే గదా అని వాదించేవారూ ఉన్నారు. నిజమే. కాని అది ఖర్జూరపు మట్టల కప్పు. ఉరిస్తే బురద అయ్యేది, అంతే. మన కప్పు సిమెంటు, ఇనుము. అది ఉరవడం వేరు, ఊడిపడటం వేరు. హజ్రత్ ఉమర్ (రజి) అదే మస్జిదును పునర్నిర్మింపజేసినప్పుడు ప్రజలను వాన నుండి కాపాడమని, ఎరుపు పసుపు రంగుల అలంకరణతో వారి మనస్సులను చెదరగొట్టవద్దని ఆదేశించినట్లు బుఖారీలో ఉన్నది.

ఈ మాటను నేను ఎన్నో ఏండ్లు విద్యార్థులకు బోధించాను. అయినా కొన్నేళ్ళ క్రితం మా మదరసాకు రమజాను ముందు కొంత సొమ్ము సమకూరినప్పుడు, మీనారుకు రంగు వేయించాలా, మిద్దె బాగుచేయించాలా అన్న ప్రశ్న వస్తే రంగు వైపే మాట్లాడాను. శ్లాబు మీద తారు పూత ఉన్నది గదా అన్నాను. ఒక ముసలి హాజీ సాహెబు మాత్రం, లోకప్పున తుప్పు గీత కనిపిస్తున్నదని రెండుసార్లు చెప్పారు. ఆ కార్తెలోనే, ఫజ్ర్ అజానుకు ముందు, హిఫ్జ్ పిల్లలు కూర్చునే చోట రెండు మూరల మేర పెచ్చు ఊడి పడింది. పిల్లలు ఇంకా వుజూ దగ్గర ఉన్నారు. అల్‌హమ్దులిల్లాహ్. ఆ చాపను నేను చాలా రోజులు చూడలేకపోయాను.

ఆ తర్వాత మేస్త్రీల వెంట తిరిగి నేర్చుకున్నది చెబుతాను. తారు పూత ఎండకు క్రమంగా జిగిని పోగొట్టుకొంటుంది. మొసలి చర్మం వలె నెర్రెలిస్తుంది. అంచులు లేచినా, బుడగలు కట్టినా అది పట్టు విడిచినట్లే. బుడగకు కారణం ఎక్కువగా లోపల చిక్కిన చెమ్మ: తడి శ్లాబు మీద తారు పూస్తే ఆ నీరు ఎండకు ఆవిరియై పైకి తన్నుతుంది. కనుక వానలలో హడావిడిగా పూసిన తారు డబ్బు దండగ. పగిలిన పాత పూత మీదనే మరో పూత వేయడమూ అంతే, పాతది గీకివేయాలి. చూడటానికి ఉదయం వేళ ఎక్కండి, మిట్ట మధ్యాహ్నం తారు మెత్తబడి కాలికి అంటుకొంటుంది. వాన వెలసిన రెండు రోజులకు కూడా నీరు నిలిచి ఉన్నదంటే వాటం లేదని అర్థం. అన్నిటికంటె ముందు తూము చూడండి. ఎండుటాకులతో పూడిన ఒక్క తూము మిద్దెను చెరువు చేస్తుంది. పిట్టగోడ శ్లాబును కలిసే మూల, రావి మొక్క మొలిచిన చోటు తప్పక పరిశీలించండి.

లోకప్పు ఇంకా స్పష్టంగా మాట్లాడుతుంది. గోధుమరంగు మరక నీటి జాడ. తెల్లగా ఉప్పు పూస్తే నీరు చాలా కాలంగా దిగుతున్నది. కమ్మి పొడవునా తుప్పు గీత కనిపిస్తే ఆలస్యం చేయరాదు; తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి తన చుట్టూ ఉన్న సిమెంటును పగులగొడుతుంది. కర్రతో తడితే డొల్ల శబ్దం వచ్చే చోట కింద ఎవరినీ పడుకోనీయవద్దు. ఇంకొక మాట: చుక్క పడే చోటికి సరిగ్గా పైనే రంధ్రం ఉండాలని లేదు, నీరు శ్లాబులో దారి చేసుకొని దూరంగా దిగుతుంది. కర్రదూలాల మీద ఇటుక, సున్నంతో కట్టిన పాత మిద్దెలకు మాత్రం తారు జోలికి పోకండి. చెమ్మ లోపలే చిక్కి దూలం చివికిపోతుంది. వాటికి సున్నపు పని తెలిసిన చేయి కావాలి.

హనఫీ ఫిఖహ్‌లో వక్ఫ్ ఆదాయం మొదట ఆ వక్ఫ్ మరమ్మతుకే చెందుతుంది, దాత ఆ షరతు వ్రాయకపోయినా సరే. మన కమిటీలు ఈ మస్‌అలాను జల్సాల ఖర్చుకు ముందు చదువుకోవాలి. అద్దె ఇంటి విషయంలోనూ కప్పు బాగుచేయవలసినది యజమానియే. అతడు చేయకపోతే కిరాయిదారుకు ఇల్లు వదిలిపోయే హక్కు ఉన్నది. అయితే ఉరుస్తున్నదని చూసి, తెలిసి అద్దెకు దిగినవాడు ఆ లోపానికి ఒప్పుకొన్నవాడుగా లెక్క. అందుచేత ఇల్లు చూడటానికి వెళ్ళే సోదరీమణులు వంటగదితో పాటు కప్పు వైపు కూడా ఒకసారి తలెత్తి చూడండి.

మా మీనారు రంగు ఇప్పటికే వెలిసింది. ఈ ఏడు దాని ప్రస్తావన వచ్చినప్పుడు హాజీ సాహెబు నా వైపు చూసి ఏమీ అనలేదు. తూములు శుభ్రం చేయడానికి గురువారం అసర్ తర్వాత పెద్ద పిల్లలతో నేనే ఎక్కుతున్నాను.