ఎలుక కోలుకుంటే సరిపోదు

పక్షవాతం వచ్చిన ఇంటికి పరామర్శకు వచ్చేవాళ్ళు ఇప్పుడు రెండు కబుర్లు మోసుకొస్తున్నారు. ‘స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే లేచి తిరుగుతాడట’ అని ఒకరు, ‘పసుపులో, నేరేడులో అంతా ఉంది’ అని ఇంకొకరు. జంషెడ్‌పూర్‌లో, కద్మా నుంచి బిష్టుపూర్ దాకా, మన తెలుగువాళ్ళ నోటా ఇవే మాటలు. రెండూ కలిపి వాడితే మరీ మంచిదన్న ఆశ కూడా మొదలైంది.

ఆలోచన కొట్టిపారేసేది కాదు. మెదడులో మూసుకుపోయిన రక్తనాళం తెరుచుకున్నప్పుడు ఆక్సిజన్‌తోపాటు కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ కూడా విజృంభిస్తాయి. ఇనుముకు ఆక్సిజన్ ఏం చేస్తుందో ఈ ఉక్కు ఊరికి చెప్పక్కర్లేదు. ఆ చోట వదిలిన మూలకణాలు, అంటే స్టెమ్ సెల్స్, చాలామటుకు బతకవు. పసుపులోని కర్క్యుమిన్ లాంటి యాంటీఆక్సిడెంట్లు తోడైతే ఎక్కువ నిలుస్తాయని ఎలుకల మీద ప్రయోగాల్లో కనిపించింది.

మరి మనుషుల్లో? ఎయిమ్స్ న్యూరాలజిస్టు డాక్టర్ కామేశ్వర్ ప్రసాద్ బృందం మన దేశంలోనే అయిదు ఆసుపత్రుల్లో 120 మంది రోగులతో పరీక్ష పెట్టింది. సగం మందికి వాళ్ళ ఎముక మజ్జ నుంచే తీసిన కణాలను సిర ద్వారా ఎక్కించారు. 2014లో ఫలితం వచ్చింది: ప్రమాదం లేదు, ఆరు నెలలకు చూస్తే లాభమూ లేదు. లేదన్న సంగతిని లేదనే అచ్చువేసిన ఆ నిజాయితీకి నా నమస్కారం. ఆయనే తర్వాత మన రాంచీ రిమ్స్‌కు డైరెక్టరుగా వచ్చారు.

యాంటీఆక్సిడెంట్లదీ అదే దారి. ఎన్‌ఎక్స్‌వై-059 అనే మందు 2006లో ఆశ పుట్టించింది. మూడువేల మందికి పైగా రోగుల మీద చేసిన పరీక్ష ఫలితం 2007లో అచ్చయ్యేసరికి పనిచేయదని తేలిపోయింది. అది మొక్కల నుంచి వచ్చింది కాదు, నిజమే. కానీ మొక్కల మందుకు వేరే పరీక్ష ఉండదు కదా!

సాక్చీ బజారులో ఆకుదొప్పల్లో ఉప్పు చల్లి ఇచ్చే నేరేడుపళ్ళు హాయిగా తినండి. పసుపు క్యాప్సూళ్ళు మాత్రం, రక్తాన్ని పలచబరిచే మందులు వాడేవాళ్ళు, డాక్టరును అడక్కుండా మింగవద్దు.

నాకు కోపం తెప్పించేది మూలకణాల పేరుతో సాగే బేరం. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం పక్షవాతానికి మూలకణాలు ఇంకా పరిశోధనే. ఆ పరిశోధనకు రోగి నుంచి డబ్బు తీసుకోకూడదు. ఎవరైనా లక్షల ప్యాకేజీ చెబితే, క్లినికల్ ట్రయల్ రిజిస్ట్రీ నంబరు చూపించమనండి. చూపించలేకపోయినా, చూపించి కూడా డబ్బు అడిగినా లేచి వచ్చేయండి. ఆ డబ్బు రోజూ చేయించాల్సిన ఫిజియోథెరపీకి పనికొస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం, మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట ముద్దయినా తెల్లారేదాకా ఆగకండి. సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్ళండి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు ఉన్న గడువు, లక్షణాలు మొదలైనప్పటి నుంచి, సాధారణంగా నాలుగున్నర గంటలే.