చుక్కల వంటింట్లో సరుకెంత?

నెల మొదట్లో బియ్యం బస్తా యింటికి రాగానే యిల్లాలు మనసులో ఒక లెక్క వేసుకుంటుంది: రోజుకు యింత చొప్పున వండితే ఎన్నాళ్ళు వస్తాయి అని. సరిగ్గా యీ లెక్కనే ఖగోళ శాస్త్రజ్ఞులు గెలాక్సీలకు వేశారు. అక్కడ సరుకు వాయువు, వంటకం నక్షత్రం. లెక్క తేలేసరికి వారికే ఆశ్చర్యం కలిగింది.

నక్షత్రాలన్నీ ఎప్పుడో ఒక్కసారిగా పుట్టి అలాగే ఉండిపోయాయని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. చలికాలం రాత్రి బోరబండలో మేడ ఎక్కి చూడండి. పక్కనున్న హైటెక్ సిటీ దీపాలు ఆకాశాన్ని ఎంత వెలవెలబోయేట్లు చేసినా, ఒరయన్ మండలంలో వరుసగా ఉన్న మూడు చుక్కలను పోల్చుకోవచ్చు. ఆ వరుసకు కాస్త దక్షిణంగా బైనాక్యులర్స్‌తో చూస్తే ఒక మసక మరక అగుపిస్తుంది. అది సుమారు 1,350 కాంతి సంవత్సరాల దూరాన ఉన్న వాయుమేఘం. అందులో యీనాటికీ కొత్త నక్షత్రాలు పుడుతూనే ఉన్నాయి.

యీ పుట్టుక కథలో మన నగరానికి కొద్దిపాటి చుట్టరికం ఉంది. బోరబండలో ఎం.ఎం.టి.ఎస్. రైలెక్కితే కొద్ది స్టేషన్ల అవతలే బేగంపేట. 1901లో నవాబు జఫర్ జంగ్ నెలకొల్పిన నిజామియా వేధశాల తరువాత అక్కడికే చేరింది. ఆ వేధశాల ఉద్యోగి కుమారుడే వైను బప్పుగారు. నిజాం కాలేజీలో చదివి అమెరికాలోని హార్వర్డుకు వెళ్ళి, 1949లో బార్ట్ బాక్, గోర్డన్ న్యూకర్క్ అనే వారితో కలిసి ఒక తోకచుక్కను కనిపెట్టారు. ఆ ముగ్గురి పేర్లూ దానికి ఉన్నాయి.

ఆ బాక్ దొరే అంతకు రెండేళ్ళ ముందు, ఎడిత్ రైలీ అనే ఆమెతో కలిసి, ఆకాశంలో అక్కడక్కడ కనబడే చిన్న నల్లని మేఘాలు నక్షత్రాలు పుట్టే గూళ్ళని ప్రతిపాదించాడు. పట్టుపురుగు గూడులాగే అవీ లోపలి సంగతి బయటికి తెలియనివ్వవు. 1990లో పరారుణ కిరణాల సాయంతో తొంగి చూస్తే, చాలా గూళ్ళలో పసి నక్షత్రాలు ఉన్నట్లే తేలింది.

సరే, వాయువు ఎక్కువ ఉన్నచోట నక్షత్రాలు ఎక్కువ పుడతాయా? హాలండు దేశీయుడైన మార్టెన్ ష్మిట్ 1959లో యీ ప్రశ్న వేశాడు. 1998లో అమెరికాకు చెందిన రాబర్ట్ కెన్నికట్ 97 గెలాక్సీలను పరిశీలించి జవాబు చెప్పాడు: అవును, ఎక్కువే, పైగా వాయువు రెట్టింపు దట్టమైతే నక్షత్రాల పుట్టుక రెండున్నర రెట్లు దాటుతుంది.

అయితే డబ్బాలో బియ్యం ఉన్నంత మాత్రాన పెనం మీద దోసె పడదు గదా! నానాలి, రుబ్బాలి, పిండి కావాలి. గెలాక్సీల్లోనూ అంతే. అక్కడి వాయువులో ముఖ్యమైనది ఉదజని. విడి పరమాణువులుగా చెదిరి ఉన్న ఉదజని బియ్యం వంటిది. అది చల్లబడి, చిక్కబడి, జంటలుగా కూడి అణువులైతేనే పిండి తయారైనట్లు. సమీప గెలాక్సీలను ముక్కముక్కగా పరిశీలించినవారికి, నక్షత్రాల లెక్క బియ్యంతో కంటె పిండితోనే చక్కగా కుదిరింది.

కన్యారాశి దిశలో ఎం-87 అనే బ్రహ్మాండమైన గెలాక్సీ ఉంది. దానికి వాయువు కొదవ లేదు. కాని అది కోట్ల డిగ్రీల వేడిలో మరుగుతున్నది. చల్లారని వాయువు ముద్ద కట్టదు. అందుకే అక్కడి నక్షత్రాల్లో చాలా భాగం ముసలివే, కొత్తవి అరుదు.

ఇక అసలు లెక్కకు వద్దాం. మన పాలపుంతలో ఏటా ఒకరిద్దరు సూర్యులకు సరిపడే వాయువు నక్షత్రాలుగా మారుతున్నది. దాని వంటి సమీప గెలాక్సీలలో ఉన్న ‘పిండి’ని యిప్పుడు ఖర్చవుతున్న వేగంతో భాగిస్తే సుమారు 200 కోట్ల సంవత్సరాలు వచ్చింది. చాలా ఎక్కువేనంటారా? ఆగండి. ఆ గెలాక్సీల వయస్సు వెయ్యికోట్ల సంవత్సరాల పైమాటే! నెల సరుకుతో అర్ధసంవత్సరం వంట సాగిందంటే, మధ్యలో ఎవరో తెచ్చి పోస్తున్నారన్నమాట. చనిపోయే నక్షత్రాలు కొంత వాయువును తిరిగి యిస్తాయి. అది చాలదు. గెలాక్సీల మధ్యనున్న శూన్యంలో నుంచి పల్చని వాయువు లోపలికి జారుతూ ఉండాలి.

ఆ రాక తగ్గితే ఏమవుతుంది? దీనికి మనవాళ్ళే ఒక ముఖ్యమైన ఆధారం సంపాదించారు. పుణెకు ఉత్తరాన ఖోదాడ్ వద్ద 45 మీటర్ల వెడల్పుగల 30 పళ్ళేలతో ఒక రేడియో దూరదర్శిని ఉంది. పుణె, బెంగుళూరు శాస్త్రజ్ఞులు, ఆదిత్య చౌధురి ముందుండగా, దానితో 800 కోట్ల సంవత్సరాల నాటి ఉదజనిని కొలిచి 2020లో ప్రకటించారు. ఒక్కొక్క గెలాక్సీ నుంచి వచ్చే సంకేతం అతి స్వల్పం. అందుకని 7,653 గెలాక్సీల సంకేతాలను పిడికెడు పిడికెడుగా ఒక్కచోట పోసి కొలిచారు. అప్పటి గెలాక్సీలు నక్షత్రాలను ఎంత జోరుగా తయారు చేసేవంటే, వాటి దగ్గరున్న మొత్తం ఉదజని నూరు నుంచి 200 కోట్ల సంవత్సరాలకు మించి చాలదు!

విశ్వంలో నక్షత్రాల పుట్టుక సుమారు వెయ్యికోట్ల సంవత్సరాల కిందట ముమ్మరంగా ఉండి, నేటికి దాదాపు పదోవంతుకు పడిపోయిందని ముందే తెలుసు. ఎందుకు పడిపోయిందో ఇప్పుడు అర్థమవుతున్నది. ఖర్చు దూబరా, రాబడి అంతంత మాత్రం.

మన సూర్యుడు పుట్టి 460 కోట్ల సంవత్సరాలయింది. అంటే విశ్వం ఖజానా తగ్గుముఖం పట్టాక పుట్టిన బిడ్డ అన్నమాట. అయినా భూమికి, దానిమీది మన సంసారాలకు సరిపడా సరుకు అప్పటికి మిగిలింది. అడుగున మిగిలిన బియ్యంతోనే రుచిగా వండిపెట్టిన యిల్లాళ్ళు ఎందరు లేరు?