కథల ఆటల అందరికి వంతు రావాలె

మా రూంల గురువారం రాత్రి నడిచే కథల ఆట ఫొటో పెట్టినంక చాలామంది అడిగిండ్రు, అదేం ఆట, పైసలు పెట్టి ఆడుతరా అని. పైసలు లేవు, జూదం కాదు. పాచికలు చూసి క్యాంపు సెక్యూరిటీ గూడ ఒకసారి అనుమానపడ్డడు, కాసేపు పక్కన కూసొని చూసి నవ్వుకుంట పోయిండు. ఇప్పుడు వేరే రూములోళ్లు గూడ మొదలుపెట్టిండ్రు. కానీ రెండు మూడు వారాలకే కొన్ని బందయితున్నయి. కారణం ఒక్కటే అని మా అభిప్రాయం. ఇద్దరే మాట్లాడుతున్నరు, మిగిలినోళ్లు ఫోన్లు చూస్తున్నరు.

తెలియనోళ్ల కోసం చెప్తున్నం. అమెరికాల 1974ల వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ దీనికి మూలం. ఒకరు కథ నడుపుతరు. మిగిలినోళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటరు, కత్తి పట్టేటోడు, దొంగ, మంత్రగాడు, వైద్యుడు ఇట్ల. "కోట తలుపు ముందట ఉన్నరు, ఏం చేస్తరు?" అని అడిగితే ఎవరి పాత్ర ఏం చేస్తదో వాళ్లు చెప్పాలె. అయితదా కాదా అని అనుమానం ఉన్నకాడ 20 ముఖాల పాచిక వేస్తరు. మా రూంల డ్రాఫ్ట్స్‌మన్ తమ్ముడు దీన్ని తెలుగుల నడుపుతడు. డ్రాగన్లను తీసేసి మర్రిచెట్టు తొర్రలు, మాయల మాంత్రికుడు, ఏడు సముద్రాలు పెట్టిండు.

కొట్లాట నడిచేటప్పుడు వంతుల తిప్పలు లేదు. అందరు పాచిక వేసి, ఎక్కువ పడ్డోడు ముందు, తక్కువ పడ్డోడు వెనక అని వరుస పెట్టుకుంటరు. తిప్పలంత కొట్లాట లేనప్పుడే. అంగట్ల బేరం, రాజుతోని మాట, దారి అడుగుడు, వీటికి వరుస లేదు. ఎవరు ముందు నోరు తెరిస్తే వాళ్లదే.

లెక్క చూడుండ్రి. రాత్రి 9 నుంచి 11:30 దాకా, అంటే 150 నిమిషాలు. కథ నడిపేటోనికి సగం పోయినా 75 మిగులుతయి. ఐదుగురికి పంచితే తలా 15. అండ్ల ఒక్కడే 40 మింగితే మిగిలిన నలుగురికి 35. అంటే మనిషికి తొమ్మిది నిమిషాలు గూడ లేవు. దానికోసం వారం రోజులు ఎదురుచూసుడు ఎవనికి కావాలె?

"మేమేమన్న నోరు మూసినమా, మాట్లాడాలనుకున్నోడు మాట్లాడొచ్చు గద" అంటరు కొందరు. ఈ మాట మేం ఒప్పుకోం. సైట్ల మన హెల్పర్ తమ్ముడు వారమంత అనేది ఏంది? "హా సాబ్", "అచ్ఛా సాబ్". ఆరు రోజులు అదే అన్న మనిషి గురువారం రాత్రి చాప మీద కూసోంగనే గలగల మాట్లాడుతడా? పైంగ పక్కనే ఫోర్‌మన్ అన్న ఉంటడు, ఎదురుంగ మా అసొంటి సూపర్‌వైజర్లు ఉంటరు. హెల్పర్ జవాబు చెప్పేముందు ఫోర్‌మన్ మొఖం చూస్తడు. కథల ఆయన పాత్ర మంత్రగాడే కావచ్చు, మన ముందట మాత్రం హెల్పరే. అందుకే మా రూంల ఆట నడిచినంత సేపు పాత్ర పేరుతోనే పిలుసుకోవాలని పెట్టుకున్నం. సాబ్ లేదు, ఫోర్‌మన్ లేడు. సూపర్‌వైజర్ పని ఆజ్ఞలిచ్చుడు గాబట్టి ఆటల గూడ "నువ్వు అటు పో, నువ్వు తలుపు తియ్యి" అనుడు అలవాటుగ వస్తది. అది పక్కోని వంతు గుంజుకున్నట్టే.

నాటకాలు చూసినోళ్లకు ఇది కొత్త కాదు. పద్యం బాగ పాడేటోనికి వన్స్‌మోర్ కొడుతనే ఉంటరు, ఆయన రాగం తీస్తనే ఉంటడు, మిగిలిన వేషాలు తెర వెనక ఆవులిస్తయి. అయినా మనోళ్లు ఒక ఉపాయం పెట్టిండ్రు. కురుక్షేత్రం పోస్టర్ల 1వ కృష్ణుడు, 2వ కృష్ణుడు అని వేరే వేరే పేర్లు వేస్తరు. ఒక్క వేషాన్ని ఇద్దరు ముగ్గురు పంచుకుంటరు. కృష్ణున్నే పంచుకున్నోళ్లం, 75 నిమిషాల మాటలు పంచుకోలేమా?

పంచుడంటే గడియారం పట్టి నిమిషాలు కొలుసుడు గాదు. కొందరికి వినుడే ఇష్టం, వాళ్లను బలవంతంగ ముందటికి నూకొద్దు. కానీ ప్రతి రాత్రి ఒక్కసారన్న కథ తన చేతిల ఆగాలె, తను ఏం చేస్తే అట్ల మారాలె. కాంక్రీటు పంపు ఒక్క కాడ్నే పెడితే స్లాబు నిండుతదా? పైపు తిప్పుకుంట పోవాలె. ఆ పైపు కథ నడిపేటోని చేతిల ఉంటది. "ఏం చేస్తరు?" అని అందరిని కలిపి అడిగితే మళ్ల అదే మనిషి పలుకుతడు. "వైద్యుడా, ఈ ముసలవ్వ జ్వరం చూస్తవా?" అని పాత్రను పిలిసి అడగాలె. మా రూంల ఒక స్టీల్ హెల్పర్ తమ్ముడు నాలుగు వారాలు పాచిక వేసుడు తప్ప మాట్లాడలే. ఐదో వారం "పడవోడా, ఈ వాగు నీకు తెలిసిందేనా?" అని అడిగితే వాగు ఎక్కడ లోతు, ఎక్కడ సుడి, వానకాలం ఎట్లుంటదో పది నిమిషాలు చెప్పిండు. ఆయనది గోదావరి ఒడ్డు ఊరట. మాకు అప్పటిదాక తెలువదు.

కథ నడిపేటోని మీదనే అంత వెయ్యొద్దు. బాగ మాట్లాడేటోడు తనంతట తను అందియ్యాలె. "తాళం సంగతి మా దొంగకే ఎరుక, ఆయన్నే అడుగుండ్రి" అంటే చాలు. మాటకారి గొప్పతనం మాకు అండ్లనే కనిపిస్తది. ఫియాస్కో అని 2009ల వచ్చిన ఇంకో ఆట ఉంది. అండ్ల కథ నడిపేటోడే ఉండడు. వరుసగ ఒక్కొక్కరి వంతు వస్తది, ఎవని వంతైతే కథ వాని పాత్ర మీదనే నడవాలె. ఏది కుదరని రూములోళ్లు ఆ పద్ధతి పెట్టుకోవచ్చు.

ఒకటి మాత్రం మా దగ్గర ఇంకా తెగలే. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఇక్కడ ఖతార్‌ల పొద్దున 10 నుంచి 3:30 దాకా ఎండల పని బంద్, కాంక్రీటు ఎక్కువ రాత్రే పోస్తం. నైట్ డ్యూటీ పడ్డోడు రెండు మూడు గురువారాలు రాడు. వాని పాత్రను వేరేటోడు ఆడొచ్చా, ఆపి పెట్టాల్నా? ఆపి పెట్టాలె, వచ్చిన రాత్రి మొదటి వంతు వానికే ఇయ్యాలె అని మేమంటున్నం. కథ ఆగిపోతదని డ్రాఫ్ట్స్‌మన్ తమ్ముడు ఒప్పుకుంటలేడు. మీ రూంల ఎట్ల చేస్తున్నరో కింద రాయుండ్రి.