గాజు చెప్పు వెనుక కత్తి

సిండరెల్లా కథలో సవతి అక్కలపై ఎవరూ జాలి చూపరు. నార్వే దర్శకురాలు ఎమిలీ బ్లిక్‌ఫెల్ట్ చూపింది. 2025లో వచ్చిన ఆమె తొలి చిత్రం 'ది అగ్లీ స్టెప్‌సిస్టర్'కు కథానాయిక సిండరెల్లా కాదు, సవతి సోదరి ఎల్విరా.

తల్లి డబ్బు కోసం రెండో పెళ్లి చేసుకుంటుంది. తీరా చూస్తే ఆ పెద్దమనిషీ ఆమె దగ్గర డబ్బుందనుకునే చేసుకున్నాడు. పెళ్లయిన వెంటనే కన్నుమూస్తాడు కూడా. ఇక మిగిలిన పెట్టుబడి కూతురే. రాకుమారుడి కంట పడాలంటే ఎల్విరా అందగత్తె కావాలి. మత్తు ఇవ్వకుండానే ముక్కును ఉలితో సరిచేస్తారు. కనురెప్పలకు సూదితో వెంట్రుకలు కుడతారు. సన్నబడేందుకు ఆమె బద్దెపురుగు గుడ్డు మింగుతుంది. (గుండె దిటవు లేనివారు ఈ సినిమా జోలికి వెళ్లకపోవడమే మంచిది.) అవతల భర్త శవం ఇంట్లోనే కుళ్లుతుంటుంది. అంత్యక్రియలకు లేని డబ్బు గౌన్లకు ఉంది.

ఇదంతా దర్శకురాలి వికృత ఊహ అనుకుంటే పొరపాటే. గాజు చెప్పు, గుమ్మడికాయ బండి 1697లో ఫ్రెంచి రచయిత షార్ల్ పెరో పెట్టిన మెరుగులు. అందులో అక్కలకు క్షమాభిక్ష కూడా దొరుకుతుంది. 1950లో డిస్నీ పట్టింది ఆ దారే. 1812లో జర్మనీలో గ్రిమ్ సోదరులు అచ్చువేసిన కథ వేరు. చెప్పు పట్టేందుకు అక్కలు పాదాలు కోసుకుంటారు. కత్తి అందించేది కన్నతల్లే. 1819 నాటి కూర్పులో పావురాలు వాళ్ల కళ్లు పొడిచేస్తాయి. గ్రిమ్‌లకు అది దురాశకు శిక్ష. బ్లిక్‌ఫెల్ట్ దృష్టిలో అది పెళ్లి సంతలో పిల్ల చెల్లించే ధర.

తల్లి పాత్రను ఇంకాస్త లోతుగా రాయాల్సింది. చెల్లెలు ఆల్మా పాత్ర మాత్రం గుర్తుండిపోతుంది. చివరికి ఎల్విరాను ఆ ఇంటి నుంచి బయటపడేసేది రాకుమారుడు కాదు, ఆమే.