రాత్రంతా శ్రమించిన వారికి ప్రభువు వండిపెట్టాడు

పునరుత్థానుడైన తరువాత యేసుప్రభువు చేసిన పనుల్లో మన ప్రసంగాల్లో అంతగా వినిపించనిది ఒకటుంది. ఆయన వంట చేశాడు. పేతురుతో కలిపి ఏడుగురు శిష్యులు తిబెరియ సముద్రం మీద రాత్రంతా శ్రమపడ్డారు, ఒక్క చేపా పడలేదు. తెల్లవారాక ప్రభువు మాట మీద వల వేస్తే 153 పెద్ద చేపలు పడ్డాయి. వాళ్లు ఒడ్డుకు చేరేసరికి అక్కడ అప్పటికే నిప్పులున్నాయి, వాటి మీద చేపలున్నాయి, రొట్టె ఉంది (యోహాను 21). మరణాన్ని గెలిచి వచ్చిన చేతులు, అలసి వచ్చిన వారి కోసం పొయ్యి రాజేశాయి.

బొగ్గుబాయి నీడన బతికే మనకు ఈ అధ్యాయం అందరికంటే ముందు అర్థం కావాలి. ఆ ఏడుగురూ నైట్‌షిఫ్టు దిగి వచ్చినవాళ్లే కదా! బెల్లంపల్లి ఏరియాలో భూగర్భ గనులు మూతపడి ఓపెన్‌కాస్టులు వచ్చినా, గోలేటిలో ఇల్లు ఇంకా షిఫ్టుల లెక్క ప్రకారమే నడుస్తుంది. మొదటి షిఫ్టుకు వెళ్లే మనిషి ఉంటే చీకటితోనే పొయ్యి వెలగాలి, సద్ది కట్టాలి. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషి పగలు నిద్రపోతుంటే పిల్లలు గుసగుసగా మాట్లాడుకుంటారు, టీవీ మూగబోతుంది. వాకిట్లో పడుకునే కుక్కకు మాత్రం వీధి మలుపులోనే ఆ బండి చప్పుడు తెలిసిపోతుంది. వేడి జొన్నరొట్టె, పచ్చిపులుసు, ప్రహరీ మీద పాకిన సొరపాదు, అందరూ ఒకచోట కూర్చుని తినే ఒక్క పూట. ఇవి చిన్న సంతోషాలే. కాని వీటిని విశ్వాసికి తగని లోకసంబంధమైనవిగా చూడడం ఏ గ్రంథంలో నేర్చుకున్నాం?

మార్త సంగతి వెంటనే ఎత్తిచూపుతాం. ప్రభువు ఆమెను సరిచేసిన మాట నిజమే. అయితే ఆయన తప్పుపట్టింది ఆమె తొందరను, ఎన్నో పనుల గురించిన కలవరాన్ని, వంటను కాదు. లాజరు మరణం నుండి లేచిన తరువాత బేతనియలో విందు జరిగితే అక్కడా మార్త వడ్డిస్తూనే ఉంది (యోహాను 12:2). ఆ రోజు ఆమెను ఎవరూ మందలించలేదు. ప్రభువు ఆ భోజనానికి కూర్చున్నాడు.

తిబెరియ ఒడ్డున మరో విశేషం ఉంది. యోహాను అక్కడ వాడిన గ్రీకు మాటకు బొగ్గుల నిప్పు అని అర్థం. కొత్త నిబంధనలో ఆ మాట రెండే చోట్ల కనిపిస్తుంది. ఒకటి ప్రధానయాజకుని ముంగిట, చలి కాచుకుంటూ పేతురు ప్రభువును ఎరుగనన్న చోట. రెండవది ఇక్కడ. నన్ను ప్రేమిస్తున్నావా అని ప్రభువు పేతురును మూడుసార్లు అడిగాడు. అయితే ఎప్పుడు? వారు భోజనం చేసిన తరువాత. ముందు ఆకలి తీర్చి, ఆపైన మనసులోని గాయాన్ని ముట్టుకున్నాడు. గుమ్మంలో అడుగుపెట్టీ పెట్టకముందే అప్పుల లెక్కలు, పిల్లల మార్కులు, అత్తాకోడళ్ల తగవులు ముందుపెట్టే మన ఇళ్లు ఈ క్రమాన్ని నేర్చుకోవాలి.

దేవుడు ఇంటి సంతోషాన్ని చిన్నచూపు చూడడు. బబులోనుకు చెరపట్టబడిన వారికి ఇళ్లు కట్టుకొమ్మని, తోటలు నాటి వాటి ఫలాలు తినమని యిర్మీయా ద్వారా చెప్పించాడు. కంపెనీ క్వార్టర్ కూడా మనది కాదు, రిటైరయ్యాక తాళం అప్పగించాల్సిందే. అయినా అక్కడ కరివేపాకు మొక్క నాటడం విశ్వాసపు పనే. నాతాను ప్రవక్త దావీదు మనస్సాక్షిని తట్టి లేపింది ఒక పెంపుడు గొర్రెపిల్ల కథతోనే. అది ఆ పేదవాని చేతిముద్ద తింటూ అతని పిల్లలతో పాటు పెరిగింది.

ఈ పూటలు ఎంత విలువైనవో మన బెల్టుకు ఒకరు చెప్పనక్కరలేదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు ముంచుకొచ్చి 17 మంది చనిపోయారు. డ్యూటీకి పంపిన 17 ఇళ్లలో ఎదురుచూపులు అలాగే మిగిలిపోయాయి. షిఫ్టు ముగిసి మనిషి క్షేమంగా ఇల్లు చేరడం మామూలు విషయమని మన ప్రాంతంలో ఎవరనగలరు? అందుకే భోజనానికి ముందు చేసే ప్రార్థన మనకు ఆచారం కారాదు. కంచం ముందు మనిషి ఉన్నందుకు అది స్తుతి.

అయితే మన సంఘాలు ఒకటి ఆలోచించాలి. ఆదివారం ప్లేడే. కుటుంబమంతా కలిసి తినగలిగేది చాలా ఇళ్లలో ఆ ఒక్క రోజే. ఉదయం ఆరాధన మన మొదటి భాగ్యం, అందులో సందేహం లేదు. కాని దాని వెంటనే ఒక కమిటీ, మధ్యాహ్నం ఒక కూడిక, సాయంత్రం మరో కూడిక పెట్టి ఆ రోజంతా మనమే తీసుకుంటే, కుటుంబ ప్రార్థన గురించి ఏ ముఖంతో బోధిస్తాం? ఆదివారం మధ్యాహ్నాన్ని ఇళ్లకు వదిలేద్దాం. భర్తకు సద్ది కట్టి ఆలస్యంగా వచ్చిన సోదరిని వెనకబడిన విశ్వాసిగా చూడొద్దు.

ఇల్లు తలుపులు మూసుకుని సుఖపడే చోటు కూడా కాకూడదు. తాగుడు వల్ల పొయ్యి దగ్గర నవ్వు ఆరిపోయిన ఇళ్లు మన వరుసలోనే ఉన్నాయి. సంపాదించే చేయి పోయి ఒంటరిగా తినే తల్లులున్నారు. ద్వేషం ఉన్నచోట మాంసాహారం కంటే ప్రేమ ఉన్నచోట ఆకుకూర మేలని సామెతల గ్రంథం చెబుతోంది (సామెతలు 15:17). ఆ ఆకుకూరలో కొంత పక్క క్వార్టర్‌కూ వెళ్లాలి. తన నిప్పుల మీద చేపలున్నా ప్రభువు శిష్యులు పట్టినవాటిలోనూ కొన్ని తెమ్మన్నాడు. ఈ ఆదివారం మన వంతుగా ఒక కంచం ఎక్కువ పెడదాం.