పుస్తకం ఉన్నా దొరకదెందుకు?

గ్రంథాలయంలో పుస్తకం లేకపోవడం ఒక లోటు. ఉండి కూడా అడిగినవారికి దొరక్కపోవడం అంతకంటె పెద్ద లోటు. మొదటిదానికి నిధులు లేవని సమాధానం చెప్పవచ్చు. రెండోదానికి ఆ సమాధానం చెల్లదు. పుస్తకాన్ని ఏ బీరువాలో పెట్టారు, జాబితాలో ఏ పేరు కింద రాశారు అన్నదే అక్కడ ప్రశ్న. ఇది గ్రంథపాలకుల సొంత వ్యవహారమనీ, చదువరులకు పట్టనిదనీ మనలో చాలామంది అనుకుంటారు. కాని ఇంటిపన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్న మనకు ఇది పట్టవలసిన విషయమే.

నాగాయలంక నుంచి ఒక రైతు వచ్చి, 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గురించి పుస్తకాలు కావాలని అడిగాడనుకుందాం. మన దేశంలో ప్రజా గ్రంథాలయాలు ఎక్కువగా పాటించేది డ్యూయీ దశాంశ పద్ధతి. అందులో తుపానులు ఎలా పుడతాయో చెప్పే పుస్తకం వాతావరణ శాస్త్రం కింద 551.55 లో ఉంటుంది. బాధితుల సహాయం గురించిన పుస్తకం 363.34 లో ఉంటుంది. నేల గుణం, ఉప్పు తేలిన పొలాల సంగతి 631.4 లో, వరి సాగు 633.18 లో, ఆ విషాదం మీద వచ్చిన కథలు, కవితలు తెలుగు సాహిత్యం కింద 894.827 లో చేరతాయి. శాస్త్రానికి ఇవి అయిదు విషయాలు. సొర్లగొంది, పాలకాయతిప్ప వాసులకు మాత్రం ఇవన్నీ ఒక్కటే విషయం. అయిదు బీరువాలు వెతికే ఓపిక లేక ఆ రైతు ఒక పుస్తకంతోనే వెనుదిరిగితే తప్పు ఆయనది కాదు.

అలాగని పద్ధతిదీ తప్పనలేము. ఒక పుస్తకం ఒక బీరువాలోనే ఉండగలదు. దాన్ని పదిచోట్ల నుంచి చూపించగలిగేది జాబితా. ‘ఉప్పెన’ అన్న మాట కింద ఈ అయిదు చోట్లనూ చూపించే కార్డు ఉంటే ఆ రైతు పని నిమిషంలో అయిపోతుంది. ఆ కార్డు రాయడంలోనే అసలు నేర్పంతా ఉంది.

మారుతున్న నియమాలు

అమెరికాలో మెల్విల్ డ్యూయీ 1876 లో విజ్ఞానాన్నంతా పది తరగతులుగా విభజించి అంకెలు వేశాడు. సులభమైన పద్ధతి కావడంతో లోకమంతా పాకింది. అయితే అది ఆయన ఎరిగిన లోకానికి కొలత చూసి కుట్టిన చొక్కా. మతాలకు కేటాయించిన 200 ల వరుసలో 220 నుంచి 280 ల దాకా క్రైస్తవానికే ఇచ్చాడు. మిగతా మతాలన్నీ 290 లలో సర్దుకోవలసి వచ్చింది. ఇంగ్లీషు సాహిత్యానికి 820 అనే మూడంకెలు చాలితే, తెలుగు సాహిత్యానికి ఆరంకెలు కావలసి వచ్చింది.

ఈ ఇబ్బందిని మన దక్షిణాది మనిషే పట్టుకున్నాడు. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడు ఎస్.ఆర్. రంగనాథన్ 1933 లో కోలన్ వర్గీకరణను ప్రకటించారు. ఏ విషయాన్నైనా వస్తువు, పదార్థం, క్రియ, స్థలం, కాలం అనే అంశాలుగా విడదీసి, మళ్లీ కలిపి సంఖ్య కట్టవచ్చునన్నారు. ‘1977 తర్వాత దివిసీమలో ఉప్పునేలల్లో వరి సాగు’ అన్న విషయంలో వరి, ఉప్పునేల, సాగు, దివిసీమ, 1977 అన్నీ ఆ సంఖ్యలో కనిపించేందుకు వీలుంటుంది. అంకెలు పొడవైపోతాయని చాలా గ్రంథాలయాలు ఆ పద్ధతి జోలికి పోలేదు. కాని విషయాన్ని అంశాలుగా విడదీసి చూడడం అనే ఆయన ఆలోచన ప్రపంచ గ్రంథాలయ శాస్త్రంలో స్థిరపడిపోయింది.

డ్యూయీ పద్ధతి కూడా ఉన్నచోటే ఉండిపోలేదు. మతాల వరుసలోని పక్షపాతాన్ని 1996, 2003 ముద్రణల్లో కొంత సరిచేశారు. 2011 లో వచ్చిన 23వ ముద్రణ తర్వాత కొత్త ముద్రణ అంటూ లేకుండా, మార్పులు కంప్యూటర్లోనే చేరుతున్నాయి. జాబితా రాసే పద్ధతికి 1978 నాటి ఆంగ్లో అమెరికన్ నియమాలు ఆధారంగా ఉండేవి. వాటి స్థానంలో 2010 లో ఆర్.డి.ఎ. అనే కొత్త నియమాలు వచ్చాయి. ముగ్గురికి మించి రచయితలుంటే ఒక్కరి పేరు చెప్పి మిగిలినవారిని ‘తదితరులు’ అనే నిబంధన ఇందులో సడలింది. చిన్న కార్డు మీద చోటు లేనినాటి నియమం, చోటుకు కొదవలేని కంప్యూటరు కాలంలో ఎందుకన్నారు. కనుక ఈ నియమాలు శిలాశాసనాలు కావు. వాడేవారు ఇబ్బంది చెబితే మారేవే.

మన పేర్లు, మన ఊళ్లు

మన ఇబ్బందులు మనం చెప్పకపోతే అమెరికాలో కూర్చున్నవారికి ఎలా తెలుస్తాయి? ముందుగా ఊళ్ల పేర్లు చూడండి. బందరు, మచిలీపట్నం, మసూలిపట్నం మూడూ ఒక్క ఊరే. కృష్ణా జిల్లాను పాత ఇంగ్లీషు పుస్తకాల్లో ‘కిస్ట్నా’ అని రాశారు. గోర్డన్ మెకంజీ 1883 నాటి జిల్లా మాన్యువల్ ఆ పేరుతోనే ఉంది. 1864 నవంబరు 1 న బందరును ముంచి సుమారు 30 వేల మందిని పొట్టన పెట్టుకున్న ఉప్పెనను గురించి చదవాలంటే ‘మసూలిపట్నం’ అన్న పేరు కింద వెతకాలని ఈనాటి విద్యార్థికి ఎవరు చెప్పాలి? 1864, 1977 ఉప్పెనలను పక్కపక్కన పెట్టి చదువుకోవడం తీరవాసులకు కాలక్షేపం కాదు, ప్రాణాలకు సంబంధించిన సంగతి.

మరొకటి శ్రీకాకుళం. ఆంధ్ర మహావిష్ణువు కొలువైన కృష్ణాతీరపు శ్రీకాకుళం ఒకటి, ఉత్తరాన ఉన్న జిల్లా కేంద్రం మరొకటి. పేరు పక్కన జిల్లా రాయకపోతే కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయక శతకం మీద వచ్చిన వ్యాసం నాగావళి తీరానికి వెళ్లి కూర్చుంటుంది. 2022 ఏప్రిల్ లో జిల్లా విభజన జరిగి కైకలూరు ఏలూరు జిల్లాలో కలిసింది. అంతకు ముందు కొల్లేరు మీద వచ్చిన పుస్తకాలు కృష్ణా జిల్లా పేరు మీదే ఉన్నాయి. రెండు చోట్లా సూచన ఉండాలి.

ఇక మనుషుల పేర్లు. పేరులో చివరి మాటను ముందుకు తెచ్చి రాయడం దొరల అలవాటు. వారి ఇంటిపేరు చివర ఉంటుంది, మనది ముందే ఉంటుంది. గుడివాడ దగ్గరి అంగలూరులో పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరి పేరును ఆ లెక్కన రాస్తే ‘చౌదరి’ కింద, ఆయన కుమారుడు గోపీచంద్ పేరును ‘గోపీచంద్’ కింద రాయాలి. తండ్రీకొడుకులు జాబితాలో విడిపోతారు. నందమూరులో పుట్టిన విశ్వనాథ సత్యనారాయణను ‘సత్యనారాయణ’ కింద వెతకవలసివస్తే, ఆ పేరుగలవారు ప్రతి వీధిలోనూ ఉన్నారు! ఇంటిపేరు ముందు ఉంచి, వాడుక పేరు నుంచి ‘ఫలానా చూడుము’ అని ఒక సూచన ఇస్తే సరిపోతుంది.

మొవ్వ క్షేత్రయ్య పదాలు కవిత్వమా, సంగీతమా, నృత్యమా? మూడూను. డ్యూయీ నృత్యాన్ని 793.3 లో, అంటే ఇంట్లో కూర్చుని ఆడే ఆటలు, వినోదాల సరసన చేర్చాడు. రంగస్థలం 792 లో విడిగా ఉంది. కూచిపూడి యక్షగానం ఈ రెంటిలో ఎక్కడ ఇముడుతుంది? అంకె ఏది వేసినా సరే, పాఠకుడు ‘కూచిపూడి’ అని అడిగినప్పుడు అన్ని పుస్తకాలూ బయటికి రావాలి.

కంప్యూటర్లు వచ్చాక ఈ బాధ ఎందుకు, ఏ మాట కొడితే ఆ పుస్తకం వస్తుంది కదా అనేవారున్నారు. కంప్యూటరుకు తెలిసింది అక్షరాలే గాని అర్థం కాదు. ‘తుపాను’ అని ఎక్కించి ఉంటే ‘తుఫాను’ అని అడిగినవారికి లేదంటుంది. ‘గాలివాన’ అన్న మాట అసలే ఎరుగదు. బందరు, మచిలీపట్నం ఒకటేనని మనిషి చెబితేనే దానికి తెలుస్తుంది. ఒక్కో గ్రంథాలయం ఒక్కో దారి పడితే ఏకరూపత పోతుందన్న ఆక్షేపణ మాత్రం సబబైనదే. అందుకే అంకెలు మార్చమని ఎవరూ అడగడం లేదు. అంకె లోకమంతటికీ ఒకటే ఉండనీయండి. దానికి దారి చూపే మాటలు మనవి కావాలి.

చేయవలసిన పని

జిల్లా గ్రంథాలయ సంస్థలు, కళాశాలల గ్రంథపాలకులు, తెలుగు పండితులు కలిసి తెలుగు విషయ శీర్షికల పట్టిక ఒకటి తయారుచేయాలి. ఊళ్లు, కాలువలు, పంటలు, చేపలు, కలంకారి, కూచిపూడి, ఉప్పెనలు, ఇంటిపేర్లు అందులో ఉండాలి. జాబితాలు కంప్యూటర్లలోకి ఎక్కే ముందే ఈ పని జరగాలి. ఒకసారి తప్పుగా ఎక్కిన పేరును తర్వాత వెతికి దిద్దడం రెండింతల శ్రమ. అవనిగడ్డ, కోడూరు వంటి చోట్ల చదువరులు ఏ మాటతో అడుగుతున్నారో శాఖా గ్రంథాలయంలో ఒక పుస్తకంలో రాసి ఉంచితే పట్టికకు అదే మొదటి ఆధారం. దీనికి పెద్ద ఖర్చు అక్కరలేదు, శ్రద్ధ కావాలి.

మచిలీపట్నం నుంచి 1910 లో ఆంధ్రభారతి పత్రికను నడిపిన అయ్యంకి వెంకటరమణయ్య, 1914 లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘానికి ఊపిరిపోశారు. పాతూరి నాగభూషణం 1935 లో నదికి అవతల పెదపాలెం, కొల్లూరు మధ్య కాలువలో పడవ మీద పుస్తకాలు పంపారు. ఊరూరికీ పుస్తకాన్ని చేర్చడం ఆ పెద్దలు చేసిన పని. చేరిన పుస్తకం అడిగినవారి చేతికి అందేటట్లు చూడడం మన వంతు.